నాలుగు వేళ్ల దూరానికి టార్చి

పాలసీసాల మూతలు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో ఆమెను అందరూ ఎర్రచీటీ అక్క అనేవాళ్ళు. చాటుగా కాదు, ముఖం మీదే అనేవాళ్ళు. పైకి విసుక్కున్నా ఆ పేరంటే ఆమెకు లోలోపల ముచ్చటే.

ముచ్చటపడక ఏం చేస్తుంది? చెకింగ్ బల్ల సొరుగులో అరచెయ్యంత ఎర్రచీటీల పుస్తకం ఒకటి ఉండేది. అందులోంచి ఒక చీటీ చింపి మెషిన్‌కి తగిలించిందంటే ఆ మెషిన్ ఆగిపోవాల్సిందే. మేనేజరు కాదు గదా, మేనేజరు తాతలు దిగొచ్చినా ఆ చీటీని తియ్యడానికి వీల్లేదు. పెట్టిన చెయ్యే తియ్యాలి. పంతొమ్మిదేళ్ళలో ఆమె పెట్టిన చీటీలు పదకొండు. పదకొండుసార్లూ మూతలు పోసే అచ్చులో లోపం బయటపడింది.

అయితే ఆ చీటీకి ఒక మెలిక ఉంది. ఆ మెలికను పెద్ద అక్షరాలతో బోర్డు మీద రాయించి, సరిగ్గా ఆమె కుర్చీకి ఎదురుగా గోడకు కొట్టారు. “ఎర్రచీటీ పెట్టి అచ్చును దింపించిన తర్వాత అందులో లోపం లేదని తేలితే, చీటీ పెట్టినవారు పుస్తకం అప్పగించి ప్యాకింగ్ విభాగానికి వెళ్ళవలెను.” ఆమెకంటే ముందు ఆ కుర్చీలో కూర్చున్నావిడ అలాగే వెళ్ళింది. ఇప్పటికీ అవతలి హాల్లో అట్టపెట్టెలు మడుస్తూనే ఉంది. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఇద్దరూ ఎదురుపడితే ఎర్రచీటీ అక్క చూపు తిప్పుకునేది. తప్పు చేసినందుకు కాదు, భయంతో.

ఇక ఆ అచ్చులు చేసేదెవరంటే, సాక్షాత్తూ ఆమె మొగుడు. ఇనుప దిమ్మెను చెక్కి, అద్దంలా నునుపు చేసి, మెషిన్‌లో బిగించే అచ్చుల మేస్త్రి ఆయన. ఫ్యాక్టరీ గేటు దాటి లోపలికొస్తే ఇద్దరూ మొగుడూ పెళ్ళాలు కారు. ఆయన ఆమెను “చెకింగ్ మేడమ్” అంటాడు, ఆమె ఆయన్ని “మేస్త్రిగారూ” అంటుంది. పెళ్ళయిన కొత్తలో మొదలైన ఆ నాటకం అలవాటై, ఎప్పుడైనా ఇంట్లో కూడా నోరుజారి మేస్త్రిగారూ అనేసేది. అలా అన్నరోజు ఆయన కాస్త నిటారుగా కూర్చుని భోంచేసేవాడు.

గొడవంతా టార్చితో వచ్చింది.

మూత లోపల మరలుంటాయి. మరల మధ్య చిన్న పగులున్నా పాలు అందులో ఇరుక్కుని విరుగుతాయి, అవి పసిబిడ్డ నోట్లోకి పోతాయి. అందుకే ఒక్కో మూతనూ ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేత్తో టార్చి వేసి, నాలుగు వేళ్ల దూరం నుంచి కళ్ళలో వత్తులు వేసుకుని చూడాలి. ఆమె పాత టార్చికి నడుముకు రబ్బరు బ్యాండు ఉండేది. తొడ మీద రెండు దెబ్బలు వేస్తే గానీ వెలిగేది కాదు. ఆ మధ్య మూడు దెబ్బలు అడగడం మొదలుపెట్టింది.

“కొత్తది నేను చూసిపెడతాలే. వస్తువు ఎంచడమంటే నీకేం తెలుసు?” అన్నాడు మేస్త్రి.

రోజుకు నాలుగువేల మూతలు ఎంచే మనిషితో అన్నమాట అది. ఆమె ఊరుకుంది. పెళ్ళయి ఇన్నేళ్ళయ్యాక కొన్నిటికి ఊరుకోవడమే సుఖం.

మూడు వారాలు పట్టింది ఆయనకు. రోజూ సాయంత్రం టార్చిల కొట్టుకు వెళ్ళడం, ఓ అరడజను టార్చిలు బయటపెట్టించడం, ఒక్కోదాన్నీ పట్టుకుని వీధిలోకి రావడం. కొట్టువాడు విసుక్కోకుండా వెంట వచ్చేవాడు. ఒకదాన్ని వీధి చివరి నీళ్ళ ట్యాంకు మీదికి వేశారు. ఇంకొకదాన్ని అవతలి మేడ మీద ఆరేసిన దుప్పటి మీదికి వేశారు. ఆ మేడావిడ కిటికీ తెరిచి ఇద్దరినీ ఏకిపారేసింది.

“చూశావా, ఆవిడ ముక్కుపుడక కూడా కనిపించింది!” అని ఇంటికొచ్చి సంబరంగా చెప్పాడు మేస్త్రి.

“నేను ముక్కుపుడకలు చెక్ చెయ్యనండీ, మూతలు చెక్ చేస్తాను.”

“దూరానిదే అంత బాగా కనిపిస్తే దగ్గరది ఇంకెంత బాగా కనిపించాలి?”

వినడానికి బాగానే ఉంది. వినడానికి బాగున్న మాటల్లో ఎన్ని పగుళ్ళుంటాయో చూసే టార్చి ఇంకా రాలేదు గనక, ఆమె సరే అంది. ఆఖరికి ఆయన తెచ్చింది చూపుడువేలంత నల్లటి టార్చి. దాని తల ముందుకు లాగితే వెలుగంతా దగ్గరకు ముడుచుకుని, తెల్లటి చదరపు బిళ్ళలా ఎదురుగా పడుతుంది.

“అలా లాగి చూడు, అసలు మజా అందులోనే ఉంది” అంటూ ఆమె చేతిలో పెట్టాడు. ఆ పెట్టడంలో ఎంత గర్వముందో అంత ప్రేమా ఉంది. అది ఆమెకు తెలిసింది కూడా. తెలియబట్టే మర్నాడు దాన్ని ఒక్కసారైనా పరీక్షించకుండా పనికి తీసుకెళ్ళింది. వచ్చిన ప్రతిదాన్నీ అనుమానంగా చూసే మనిషి, మొగుడిచ్చిందని ఆ ఒక్కదాన్నీ చూడలేదు.

పొద్దున్న పదింటిదాకా అంతా సవ్యంగానే సాగింది. అప్పుడు ఆయన చెప్పిన మజా గుర్తొచ్చి టార్చి తల ముందుకు లాగింది.

మూత అడుగున, అచ్చు నంబరు పక్కనే, వెంట్రుకంత సన్నటి నల్లగీత.

ఇంకో మూత తీసింది. గీత. ఇంకోటి. గీత. అదే చోట, అదే పొడవు, నంబరు పక్కనే. పక్కబల్ల చెల్లిని పిలిచింది. చెల్లంటే సొంత చెల్లి కాదు, ఆమె దగ్గరే పని నేర్చుకున్న ఇంకో చెకర్. ఆ పిల్ల అదే టార్చి తీసుకుని, అక్క నేర్పినట్టే బొటనవేలు నంబరు మీద ఆనించి, అక్క నేర్పినట్టే మోచెయ్యి బల్లమీద కదలకుండా పెట్టి చూసింది.

“అమ్మో! ఉందక్కా!”

“పాత టార్చికి కనిపించడం లేదు చూడు. ఇన్నాళ్ళూ ఎన్ని వదిలేశామో!” అని ఎర్రచీటీ అక్క తలపట్టుకుంది.

చెకింగ్ పనిలో మొదటి పాఠం ఒకటుంది. లోపం ఒకసారి ఒకచోట, ఇంకోసారి ఇంకోచోట ఉంటే అది ప్లాస్టిక్‌ది. ఎప్పుడూ ఒకేచోట ఉంటే అది అచ్చుది. పదకొండుసార్లు నిజమైన పాఠం అది. ఆమె సొరుగు తెరిచింది. ఎదురుగా బోర్డు కనిపించింది. అచ్చు ఎవరిదో కూడా గుర్తొచ్చింది. ఒక్క నిమిషం చెయ్యాడలేదు. ఆ తర్వాత పసిబిడ్డ నోరు గుర్తొచ్చింది. చీటీ చింపి మెషిన్‌కు తగిలించింది.

మేస్త్రి నూనె గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

“ఏమిటి చెకింగ్ మేడమ్, ఏమైంది?”

“మీ అచ్చు పగిలింది మేస్త్రిగారూ.”

ఆయన మొహంలో నెత్తుటిచుక్క లేదు. మెషిన్ తలుపు తెరిపించి, అచ్చులోకి వంగి, బొటనవేలి గోటితో మెల్లగా గీరి చూశాడు. ఒక్కసారి కాదు, నాలుగు గుంటల్లోనూ చూశాడు. ఆ అచ్చులో ఒక్క దెబ్బకు నాలుగు మూతలు వస్తాయి.

“నా గోటికి తగలని పగులు ఇంతవరకూ పుట్టలేదు. అయినా నాలుగు గుంటలూ ఒకేచోట పగలడానికి అవేమైనా మాట్లాడుకున్నాయా?”

“నాలుగూ చెక్కింది ఒకే చెయ్యి కదా. చేసిన తప్పే నాలుగుసార్లు చేసుంటుంది.”

చుట్టూ ఉన్నవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. మేనేజరు వచ్చాడు. ఆమె టార్చి పట్టుకుని చూపించింది. గీతను చూసి ఆయన కూడా నోరెళ్లబెట్టాడు.

“దింపండి అచ్చు. ఇవాళే దింపి, విప్పి, చూడండి” అన్నాడు.

దింపాలంటే వెనకవైపు బోల్టులు విప్పాలి. వాటికి ఆరు పలకల వంకర పానా ఒకటుంది. ఫ్యాక్టరీ మొత్తానికి అదొక్కటే. చిత్రంగా ఆ పానా కనిపించలేదు. మేస్త్రి తన పనిముట్ల పెట్టె బోర్లించాడు. బల్లల కింద దూరాడు. చెత్తబుట్ట కుమ్మరించాడు. మధ్యాహ్నం ఆయన భోజనం చేసి వచ్చి మళ్ళీ మొదటినుంచీ వెతికాడు. ఇరవై రెండేళ్ళలో ఆ మనిషి ఒక్క మేకు పోగొట్టుకున్న పాపాన పోలేదు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. తన అచ్చుకు మచ్చ వస్తుందని కావాలనే సాగదీస్తున్నాడని ఆమెకు అరటిపండు ఒలిచినట్టు అర్థమైంది. షిఫ్టు అయిపోయినా పానా దొరకలేదు. మెషిన్ ఆగే ఉంది, అచ్చు ఎక్కే ఉంది.

ఇంటికి నడిచి వచ్చేటప్పుడు ఇద్దరి మధ్యా ఇంకో మనిషి పట్టేంత చోటుంది. ఇంట్లో అత్తగారు ఇద్దరి మొహాలూ చూసి, “ఏరా, మళ్ళీ ఏమన్నావు అమ్మాయిని?” అంది. విచారణ లేకుండా కొడుకునే అనడం ఆవిడ పద్ధతి.

“నేనేం అన్లేదమ్మా. తనే నన్ను అచ్చుతో సహా పగలగొట్టింది.”

ఆమె క్యారేజీలు తోమడానికి వెళ్ళింది. తనది విప్పింది. ఆయనది విప్పుతుంటే అడుగు గిన్నె బరువుగా తగిలింది. మూత తీసింది. లోపల చేతిరుమాల్లో చుట్టిపెట్టి, భద్రంగా, ఆరు పలకల వంకర పానా.

ఆ తర్వాత ఆ ఇంట్లో వినిపించిన మాటలన్నీ ఇక్కడ రాయడం మర్యాద కాదు. పానా పట్టుకుని ఆమె హాల్లోకి వచ్చిన తీరు చూసి అత్తగారే పీట ఒకటి అడ్డం పెట్టుకుంది.

“అచ్చు పరువు కోసం దొంగతనం చేస్తారా! ఇరవై రెండేళ్ళ సర్వీసు క్యారేజీలో పెట్టుకొచ్చారా! మీ గోరు గొప్పదా, నా కన్ను గొప్పదా, ఇవాళ తేలిపోవాలి. కూర్చోండక్కడ!”

ఆయన కూర్చున్నాడు. ఆమె సంచిలోంచి మూడు మూతలు తీసింది. కొత్త టార్చి తల లాగి, మోచెయ్యి బల్లమీద ఆనించి చూపించింది. ఆయన కళ్ళద్దాలు సవరించుకుని చూశాడు. గీత ఉంది. నంబరు పక్కనే, స్పష్టంగా ఉంది. ఆయన భుజాలు జారిపోయాయి. తల కిందికి వాలింది.

ఆ తల బట్టతల. వాలేసరికి సరిగ్గా వెలుగు కిందికి వచ్చింది.

“అయ్యో అయ్యో! నా కొడుకు తల పగిలిందే!” అని అత్తగారు ఒక్క కేక పెట్టింది.

నిజమే. నున్నటి నెత్తి మీద, నడిమధ్యన, సన్నటి నల్లగీత. ఆయన రెండుచేతులతో తల తడుముకున్నాడు. చేతుల మీదా గీత పడింది. ఆమె నిర్ఘాంతపోయి టార్చిని గోడ మీదికి తిప్పింది. గోడ మీద చదరపు వెలుగు, అందులో గీత. పాల గిన్నె మీద గీత. అత్తగారి నుదుటి మీద గీత. మణికట్టు తిప్పితే గీత కూడా గుండ్రంగా తిరిగింది.

మేస్త్రి టార్చి తీసుకుని, ఆర్పి, అద్దంలోంచి లోపలికి చూశాడు. లోపలి దీపం ఆవగింజంత ఉంది. దాని మీద వెంట్రుకలాంటి తీగ ఒకటి అడ్డంగా పోతోంది. తల ముందుకు లాగినప్పుడల్లా ముందున్న అద్దం ఆ తీగ నీడను పెద్దది చేసి ఎదుటివాటి మీద వేస్తోంది. పగులు మూతలో లేదు, అచ్చులో లేదు, వెలుగులోనే ఉంది.

“ఒక్కసారి చెయ్యి వణికున్నా గీత కదిలేది. అప్పుడే తెలిసిపోయేది” అంది ఆమె నీరసంగా. పంతొమ్మిదేళ్ళు మూతను ఒకేలా పట్టుకున్న చెయ్యి, రాయిలా కదలని చెయ్యి. అదే ఆమెను ముంచింది. చెల్లికి కూడా ఆ పట్టే నేర్పింది.

ఆమె నేలమీదే కూలబడింది. కళ్ళముందు అట్టపెట్టెలు కదిలాయి. ఒకదాని మీద ఒకటి, మడిచినవీ మడవాల్సినవీ.

“నా పుస్తకం పోయినట్టే” అని ఏడ్చేసింది. ఎర్రచీటీ అక్క ఏడవడం అత్తగారు కూడా అదే మొదటిసారి చూడటం.

మేస్త్రి వచ్చి పక్కన కూర్చున్నాడు.

“పోలేదే. అచ్చు దిగితే కదా పోయేది.”

“ఏమిటీ?”

“బోర్డు మీద ఏం రాసుంది? అచ్చును దింపించిన తర్వాత లోపం లేదని తేలితే అని కదా. ఇవాళ పొద్దున్న గోటితో గీరగానే తెలిసింది నాకు, అచ్చులో ఏమీ లేదని. మరి నువ్వు చూసిందేమిటో అర్థం కాలేదు. అది తేలేదాకా అచ్చు దింపకూడదనుకున్నాను. దింపొద్దని అందరి ముందూ అంటే మొగుడు పెళ్ళాన్ని వెనకేసుకొస్తున్నాడంటారు. అందుకని పానా...” అని నీళ్ళు నమిలాడు.

“అచ్చు పరువు కోసం కాదా?”

“అచ్చుదేముంది, దింపితే మళ్ళీ ఎక్కిస్తాను. నువ్వు ఆ కుర్చీ దిగితే ఎవరెక్కిస్తారు?”

ఆమెకు ఇందాక తను అన్న మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చి సిగ్గేసింది. అత్తగారు పీట మెల్లగా యథాస్థానంలో పెట్టేసింది.

“రేపు ఏదో దుమ్ము గీత అని చెప్పి చీటీ తీసెయ్, సరిపోతుంది” అన్నాడు మేస్త్రి.

“తీసేస్తాను. కానీ జరిగింది జరిగినట్టు చెప్పే తీసేస్తాను.”

“మొత్తం జరిగిందా?”

“మొత్తం.”

“పానా కూడానా?”

ఆమె ఆలోచించింది. “అడిగితే చెప్తాను” అంది. మేస్త్రి నిట్టూర్చాడు. లోపం కనపడితే వదిలెయ్యడం చేతకాని మనిషినే చేసుకున్నాడు మరి.

మర్నాడు పొద్దున్నే ఆమె మేనేజరు గదిలోకి వెళ్ళి, బల్లమీద టార్చి పెట్టి, పక్కనే ఎర్రచీటీల పుస్తకం పెట్టింది. జరిగింది చెప్పింది. మేనేజరు నమ్మలేదు. టార్చి తీసుకుని తన కొత్త వాచీ మీద వేసుకుని, “అరెరె, పగిలిపోయింది!” అని లేచి నిలబడ్డాడు. తర్వాత నమ్మాడు. నమ్మాక తిట్లు మొదలుపెట్టాడు. ఒక రోజు ఉత్పత్తి మొత్తం ఒక టార్చి మింగేసిందన్నాడు. ఆమె తలవంచుకుని అన్నీ పడింది.

తిట్టడం అయ్యాక ఆయన బోర్డు దగ్గరకు వెళ్ళి రెండుసార్లు చదివి, మళ్ళీ గదిలోకి వచ్చాడు. రూలంటే ఆయనకు ప్రాణం.

“దింపించిన తర్వాత, అని ఉంది. అచ్చు దిగలేదు. కాబట్టి ఈ రూలు మీకు పట్టదు. పుస్తకం తీసుకోండమ్మా” అన్నాడు. ఆమె చెయ్యి పుస్తకం మీద పడేలోపే అడిగాడు. “అన్నట్టు, ఆ పానా దొరికిందా?”

గుమ్మం దగ్గర నిలబడ్డ మేస్త్రి కళ్ళు మూసుకున్నాడు.

“దొరికిందండీ.”

“ఎక్కడ?”

చేతికి అందబోతున్న పుస్తకం ఒకవైపు, కట్టుకున్నవాడు ఒకవైపు.

“ఆయన క్యారేజీలో. గిన్నెలు తోముతుంటే దొరికింది. నా పుస్తకం పోకూడదని దాచారు. తప్పు ఆయనది కాదు, నాది. టార్చిని ముందు చూసుకోవాల్సింది నేను.”

మేనేజరు చాలాసేపు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. చివరికి కాగితం తీసి మేస్త్రికి మెమో రాశాడు. ఫ్యాక్టరీ పనిముట్టును అనుమతి లేకుండా ఇంటికి తీసుకెళ్ళినందుకు, అని. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఆయనకు వచ్చిన మొదటి మచ్చ అది. అచ్చు మీద దుమ్ము పడితేనే విలవిల్లాడే మనిషి, ఆ కాగితాన్ని తీసుకుని, చదువుకుని, సంతకం పెట్టి, “నాకో కాపీ ఇప్పించండి” అన్నాడు. అడిగిన తీరు బహుమతి అందుకున్నవాడిలా ఉంది.

ఆమె మెషిన్ దగ్గరకు వెళ్ళి ఎర్రచీటీ తీసింది. ఆ చీటీని అక్కడే టార్చి మెడకు కట్టింది. పన్నెండో చీటీ కూడా వృథా కాలేదు.

ఆ సాయంత్రం ఇద్దరూ కలిసి టార్చిల కొట్టుకు వెళ్ళారు. కొట్టువాడు మేస్త్రిని చూడగానే అలవాటుగా టార్చిలు పట్టుకుని వీధిలోకి బయల్దేరాడు.

“వీధిలోకి అక్కర్లేదు బాబూ, ఇలా రండి” అంది ఆమె. సంచిలోంచి తెల్లకాగితం తీసి బల్లమీద పరిచింది. ఒక్కో టార్చినీ నాలుగు వేళ్ల ఎత్తులో పట్టుకుని వెయ్యడం, మణికట్టు తిప్పడం, పక్కన పెట్టడం. ఒకదాని వెలుగులో నడిమధ్య మచ్చ ఉంది. ఒకటి కాగితాన్ని నీలంగా చూపించింది. ఇంకొకటి తెల్లమూత మీద వేస్తే కళ్ళు జిగేల్మని ఏమీ కనపడలేదు. ముందుకు లాగే తలలున్నవాటిని ముట్టుకోనే లేదు. ఆఖరికి మిగిలింది ఓ మామూలు టార్చి. మెత్తటి వెలుగు, అంచుదాకా ఒకేలా పరుచుకుంటోంది. తగ్గించుకోవాలంటే తగ్గుతోంది.

“దూరం చూడరా అమ్మా? ఇది పట్టుమని పది గజాలు కూడా పోదు” అన్నాడు కొట్టువాడు.

“దూరం చూసేవాళ్ళు మా ఇంట్లో ఉన్నారు” అంది ఆమె. తర్వాత మొగుడి వైపు తిరిగి, “ఒకసారి వంగండి” అంది.

మేస్త్రి బుద్ధిగా వంగాడు. నెత్తి మీద వెలుగు వెన్నలా పరుచుకుంది. గీత లేదు. ఆమె టార్చిని మెల్లగా కిందికి దించి, నాలుగు వేళ్ల దూరం నుంచి ఆయన మొహం చూసింది. కళ్ళ కింద ముడతలు, చెవి వెనక ఎప్పటిదో నూనె మరక, మెమో తీసుకున్నప్పుడు కూడా తడవని కళ్ళలో ఇప్పుడు కాస్త తడి.

“ఏమైనా లోపాలున్నాయా చెకింగ్ మేడమ్?” అన్నాడాయన.

“చాలా ఉన్నాయి మేస్త్రిగారూ” అంది ఆమె. “వదిలేస్తున్నాను.”